మేనికి పూయు సుగంధపు వెన్న - ఇంట చేసికొను విధము

మార్గశిర మాసము ప్రవేశించినది మొదలు మన పల్లెలలో రెండు మాటలు తరచుగా వినవచ్చును. ఒకటి పెదవులు పగిలినవని; రెండవది మడమలు పగిలినవని. పెదవుల మాట నవ్వులాటగా పోవును. మడమల మాట అట్టిది కాదు. వరి కోతకు, మినుము పీకుటకు, మిరప కాయ కోతకు పోవు స్త్రీకి పాదమే ఆధారము. పగిలిన మడమతో మోడుల మీద నడచుట ఎట్టిదో అనుభవించినవారికే తెలియును. పగులు లోతైనచో మట్టి చేరును, చీము పట్టును, నాలుగు దినముల కూలి పోవును. ఈ నాలుగు దినముల కూలిని నిలుపుకొనుటకై ఇంటనే చేసికొనదగిన ఒక సులభ సాధనమును గురించి ఈ వ్యాసమున తెలుపుచున్నాము.

పట్టణములలోని అంగళ్లలో దీనినే "బాడీ బటర్" అను పేర చిన్న డబ్బాలలో పెట్టి అమ్ముచున్నారు. బటర్ అన్నంత మాత్రమున అందులో పాలవెన్న ఉండదు. చెట్ల గింజలనుండి తీసిన గట్టి కొవ్వును, నూనెను కరిగించి కలిపి, చల్లార్చి, వెన్న చిలికినట్లు చిలికి మెత్తగా చేసినదే అది. డబ్బా అందముగా ఉండుటచే వెల అధికము. లోపలి వస్తువులలో పెక్కు మన ఊళ్లలో దొరకునవియే.

ఇది మనకు పూర్తిగా క్రొత్త విద్య కూడ కాదు. ఆరవ శతాబ్దమువాడైన వరాహమిహిరుడు తన బృహత్సంహితలో "గంధయుక్తి" యను ఒక అధ్యాయమునే వ్రాసినాడు. కల్యాణి చాళుక్య రాజైన మూడవ సోమేశ్వరుని పేర నున్న మానసోల్లాసమునందు తైలాభ్యంగమును గురించియు, మైపూతలను గురించియు చెప్పబడినది. ఆయుర్వేద వైద్యులు నేతిని నీటితో నూరు మార్లు కడిగి తెల్లని లేపనముగా మార్చి వాడుదురు. దానికి శతధౌత ఘృతమని పేరు. అవన్నియు రాజులకు, రోగులకు చెప్పినవి. మనకు కావలసినది కూలికి పోయి వచ్చిన పాదములకు పూసికొనదగినది.

చర్మము ఏల పగులును?

చర్మపు పై పొర మిక్కిలి పలుచనిది. ఆ పొరలోని కణముల నడుమ కొంత కొవ్వు ఉండి, లోపలి తేమను బయటకు పోనీయక కాపాడుచుండును. ఇటుకల నడుమ సున్నము వంటిదనుకొనవచ్చును. చలికాలపు పొడిగాలి, మాటిమాటికి సబ్బు నీటిలో చేతులు పెట్టుట, మట్టిపని, సిమెంటు పని ఈ కొవ్వును హరించును. అప్పుడు తేమ పోయి చర్మము బిరుసెక్కును.

అరచేతులలోను అరికాళ్లలోను ఒక ప్రత్యేకత కలదు. శరీరమునందు తక్కిన చోట్ల చర్మము క్రింద నూనెను స్రవించు గ్రంథులున్నవి. ఈ రెండు చోట్లను లేవు. అందుచేతనే ఇవి త్వరగా ఎండును. మడమ చర్మము మందమైనది. దానిమీద దేహభారమంతయు పడును. ఎండి బిరుసైన మందపు చర్మము భారమునకు అంచుల వెంబడి సాగలేక చీలిపోవును. పగులనగా నిదే. కావున పగిలిన పిమ్మట పూయుటకంటె పగులకముందే పూయుట మేలు. స్నానము చేసి తుడుచుకొన్న వెంటనే, ఒంటిమీద ఇంకను కొంచెము తడి యుండగనే పూయవలెను. కొవ్వు తాను తేమను ఈయదు. ఉన్న తేమను పోనీయదు. ఎండిన కాలికి ఎంత పూసినను ఫలము తక్కువ అగుటకు కారణమిదియే.

గట్టి కొవ్వు దేనిని వాడవలెను?

కొబ్బరినూనె అందరికిని తెలిసినదే. అది సుమారు 24, 25 డిగ్రీల వద్ద గడ్డకట్టును. అంతకు మించిన వేడిలో నీరగును. వట్టి కొబ్బరినూనెతో మన దేశమున వెన్న నిలువదు. చలికాలపు ఉదయమున గడ్డ, మధ్యాహ్నమున నీరు. కావున మరియొక గట్టి కొవ్వు తోడు కావలెను.

మన్యప్రాంతములవారికి ఇప్పచెట్టు కలదు. ఆదిలాబాదు, భద్రాచలము, రంపచోడవరము, పాడేరు అడవులలో ఇప్పపూవు వేసవిలో రాలును; ఆ పిమ్మట కాయ పండి వానలు పడునాటికి గింజ దొరకును. ఆ గింజల నూనెను గిరిజనులు దీపమునకు, వంటకు, ఒంటికి అనాదిగా వాడుచున్నారు. చలికి అది నేతివలె పేరుకొనును. అటవీ ఫలసాయమును గిరిజనులనుండి కొనుటకై 1956లో విశాఖపట్టణము ముఖ్యస్థానముగా గిరిజన సహకార సంస్థ ఏర్పడిన సంగతి పాఠకులు ఎరుగుదురు. ఇప్పనూనెకు ఒక లోపము కలదు. దానికొక మోటు వాసన ఉండును. గింజలు పాతబడినచో ఆ వాసన మరింత హెచ్చును. క్రొత్త గింజలనుండి తీసి, తేర్చి, వడకట్టిన నూనెనే తీసికొనవలెను. గానుగలో మిగిలిన ఇప్పపిండిలో సపోనిను అను చేదు విషపదార్థము ఉండును. చేపలకు మత్తెక్కించుటకు దానిని వాడుట కలదు. దానిని పశువులకు పెట్టరాదు.

ఇచట ఒక చిత్రమైన బంధుత్వమును చెప్పవలసి యున్నది. ప్రపంచమంతట మైవెన్నలకు పేరుపొందిన షియా వెన్న పశ్చిమాఫ్రికాలోని ఘానా, బుర్కినా ఫాసో, మాలీ దేశముల గ్రామ స్త్రీలు చేయునది. వారు రాలిన పండ్ల గింజలను ఏరి, ఉడికించి, ఎండబెట్టి, పగులగొట్టి, వేయించి, దంచి, నూరిన ముద్దను నీటితో చేతులార పిసికి పిసికి తెల్లని కొవ్వును పైకి తేలింతురు. 18వ శతాబ్దము చివర ఆ దేశములు తిరిగిన మంగో పార్క్ అను స్కాట్లండు యాత్రికుడు 1799లో ప్రకటించిన తన గ్రంథమున ఈ చెట్టును వర్ణించినాడు. ఆ షియా చెట్టు, మన ఇప్పచెట్టు, మన పెరటి సపోటా ఒకే వృక్షకుటుంబమునకు చెందినవి. అక్కడి స్త్రీల చేతివెన్న నౌకలెక్కి పట్టణపు అంగళ్లకు వచ్చుచుండగా, దాని దాయాది యైన ఇప్పగింజ మన మన్యమున నేల రాలుచున్నది.

కోస్తా జిల్లాలవారికి మరియొక దారి కలదు. గోదావరి జిల్లాలలో కొబ్బరి, ఆయిల్‌పామ్ తోటలలో అంతరపంటగా కోకో వేయుచున్నారు. నేడు దేశములో కోకో పంటకు ఆంధ్రప్రదేశ్‌దే అగ్రస్థానము. కోకో గింజ తూకములో ఇంచుమించు సగము కొవ్వే. ఆ కొవ్వు 34 మొదలు 38 డిగ్రీల వరకు గట్టిగా నిలుచును. ఒంటి వేడికి తగిలినంతనే కరగును. మేనివెన్నకు ఇంతకంటె తగిన గుణము మరి యొకటి లేదు. అయితే గింజనుండి ఈ కొవ్వును తీయుటకు గట్టి యంత్రపు ఒత్తిడి కావలెను. రోటిలో దంచిన రాదు. కావున రైతు గింజలమ్మి, వెన్నను కొని తెచ్చుకొనవలసినదే. చాక్లెట్ వాసన తీయని శుద్ధిచేయని రకమునకు తన సహజపు వాసన బలముగా ఉండును. పూలవాసన కోరువారు వాసన తీసిన రకమును అడిగి కొనుట మంచిది.

కొంకణ ప్రాంతమువారు కోకం గింజలను నూరి నీటిలో మరిగించి పైకి తేలిన కొవ్వును ముద్దలు చేసి, పగిలిన పెదవులకు, మడమలకు రాచుకొందురు. అది మనకు దొరకుట అరుదు.

వీటికి తోడుగా తేనెమైనము కావలెను. అది 62 మొదలు 64 డిగ్రీల వరకు కరగదు. మన వేసవికి ఎదురు నిలువగల దినుసు ఇదొక్కటియే. తేనె వార్చిన పట్టును గుడ్డలో మూటగట్టి నీటిలో మరిగించినచో మైనము పైకి తేలును. చల్లారిన పిమ్మట బిళ్లగా పేరుకొనును. బిళ్ల అడుగున పట్టిన మడ్డిని గీకివేసి, రెండు దినములు నీడన ఆరబెట్టవలెను. పొగబెట్టి, ఈగలను కాల్చి తెచ్చిన పట్టుకంటె పెట్టెలలో పెంచినవారి వద్ద కొనుట ధర్మము, లాభము కూడ. 1957లో ఏర్పడిన ఖాదీ గ్రామోద్యోగ సంఘము తేనెటీగల పెంపకమును ప్రోత్సహించుచున్నది.

పూలవాసన పట్టించుట

ఈ పనిలో అసలు నేర్పంతయు ఇక్కడనే కలదు. మల్లెపూలను నూనెలో వేసి కాచినచో పరిమళము వచ్చునని పెక్కుమంది తలంతురు. రాదు. ఉడికిన పూల వాసన వచ్చును. మల్లె, జాజి పూవులు కోసిన తరువాత కూడ కొన్ని గంటలపాటు పరిమళమును పుట్టించి విడుచుచునే ఉండును. పగలు కోసిన మొగ్గ రాత్రికి విచ్చుకొని ఇల్లంతయు గుబాళించుట మనమెరిగినదే గదా. వేడి తగిలిన పూవు చచ్చును. ఆ పుట్టుక ఆగిపోవును. కావున మల్లె విషయమున పొయ్యి పనికిరాదు.

కొవ్వునకు వాసనను పీల్చు గుణము కలదు. వెన్నగిన్నె ప్రక్కన ఉల్లిపాయ ఉంచిన ఇల్లాలికి ఈ సంగతి వేరుగా చెప్పనక్కరలేదు. ఫ్రాన్సు దేశములోని గ్రాస్ పట్టణమున అద్దపు పలకలపై శుద్ధిచేసిన జంతువుల కొవ్వును పూసి, దానిపై మల్లెజాతి పూలను పరచి, దినమునకొకమారు మార్చుచు పరిమళమును పట్టించెడివారు. మన ఉత్తరదేశమున కనౌజ్, జౌన్‌పూర్, ఘాజీపూర్‌లలో అంతకంటె తెలివైన ఉపాయము వాడుకలో ఉన్నది. వారు నూనెకు కాక నువ్వులకే వాసన పట్టింతురు. నువ్వు గింజలోని నూనె పొట్టలోనే ఉండి పరిమళమును పీల్చుకొనును. పూల రేకలు నూనెలో పడి కుళ్లు భయము లేదు. ఈ పద్ధతియే మన ఇండ్లకు తగినది.

పొట్టు తీసి, కడిగి, గలగలలాడునట్లు ఎండబెట్టిన నువ్వులు ఒక కిలో తీసికొనవలెను. వెడల్పాటి పళ్లెములో శుభ్రమైన పలుచని గుడ్డ పరచి, నువ్వులను వ్రేలి మందమున పోయవలెను. సాయంకాలమున విచ్చుకొనుటకు సిద్ధముగా ఉన్న మొగ్గలను, తడి లేనివానిని, పావుకిలో తగ్గకుండ వాటిపై పరచవలెను. ఆ పైన మరియొక వరుస నువ్వులు, మరల పూవులు. పైన గుడ్డ కప్పి, గాలి తగలని చల్లని గదిలో ఉంచవలెను. మరునాటి ఉదయమున వాడిన పూవులను ఒక్కటి కూడ మిగులకుండ ఏరివేసి, నువ్వులను నీడన ఆరబోయవలెను. ఏలయన పూవులోని తేమను కూడ నువ్వులు పీల్చుకొనును. ఆరనిచో బూజు పట్టును. సాయంకాలమున మరల క్రొత్త మొగ్గలు. ఇట్లు ఐదారు మార్లు తక్కువ కాకుండ చేసినగాని వాసన నిలువదు. రెండు మార్లతో విసుగుచెంది గానుగకు పంపినవారు పూవుల వెల పోగొట్టుకొనినట్లే.

గానుగ విషయమున కొన్ని జాగ్రత్తలు కలవు. ఒక కిలో నువ్వులకు ఏ గానుగవాడును గానుగ కట్టడు. నాలుగైదు ఇండ్లవారు కలసి, గానుగకు సరిపోవునంత పోగుచేసికొని పోవలెను. అంతకు ముందు వేరుసెనగ ఆడిన గానుగైనచో మొదటి నూనెలో ఆ వాసన వచ్చును, తుడిపించి ఆడింపవలెను. వంటనూనెకు కొందరు బెల్లము వేసి ఆడుదురు. మనకది వలదని ముందే చెప్పవలెను. ఆడునపుడు చిలకరించు నీరు కొంత నూనెలో చేరును. కావున తెచ్చిన నూనెను గాజుసీసాలో పోసి వారము దినములు కదల్చక ఉంచి, అడుగున చేరిన మడ్డిని, నీటిని వదలి, పైని తేటను మాత్రము మరియొక పొడిసీసాలోనికి వంచుకొనవలెను. కిలో నువ్వులకు 350 మొదలు 400 గ్రాముల వరకు నూనె రావచ్చును. నువ్వులనూనెలో త్వరగా పాడుకానీయని సహజ పదార్థములు ఉండుటచే అది తక్కిన పెక్కు నూనెలకంటె ఎక్కువ కాలము నిలువయుండును.

ఇంత శ్రమకు ఓపిక లేనివారికి వట్టివేరు కలదు. దీనికి వేడి భయము లేదు. 50 గ్రాముల వేళ్లను మట్టి పోవునట్లు కడిగి, రెండు మూడు దినములు ఎండలో పెళపెళలాడునట్లు ఎండబెట్టి, సన్నగా తరిగి, పావుకిలో నువ్వులనూనెలో వేయవలెను. ఆ పాత్రను మరుగుచున్న నీటి గిన్నెలో రెండు మూడు గంటలు నిలిపి, చల్లారిన పిమ్మట గుడ్డతో వడకట్టిన సరిపోవును. ఎండబెట్టిన మరువము, దవనము, కచ్చూరములు కూడ ఈ విధముననే. ఇప్పనూనెతో చేయువారికి మా సలహా వట్టివేరే. ఇప్ప మోటువాసనతో మల్లె పొసగదు, వట్టివేరు పొసగును. కనకాంబరములు చూచుటకు ఎంత అందముగా ఉన్నను వాటికి వాసనయే లేదు. వాటిని జడకే విడిచిపెట్టుడు.

కరిగించుట, చిలుకుట

ఇప్పనూనెతో చేయునపుడు పాళ్లు ఇవి: ఇప్పనూనె 100 గ్రాములు, కొబ్బరినూనె 50 గ్రాములు, వాసన పట్టించిన నువ్వులనూనె 35 గ్రాములు, తేనెమైనము 15 గ్రాములు. కోకో వెన్నతో ఐనచో: కోకో వెన్న 90, కొబ్బరినూనె 60, నువ్వులనూనె 40, మైనము 10 గ్రాములు. ఏ విధమున చేసినను మొత్తము 200 గ్రాములగును. వేసవిలో చేయునపుడు మైనమును 10 గ్రాములు హెచ్చించి, నువ్వులనూనెను అంతమేర తగ్గింపవలెను. కొలతకు చెంచాలను నమ్మరాదు. కిరాణా కొట్టు త్రాసైనను మేలే.

ఒక వెడల్పాటి గిన్నెలో సగమువరకు నీరు పోసి పొయ్యిమీద పెట్టి, అందులో పొడిగా తుడిచిన మరియొక గిన్నెను దింపవలెను. నేరుగా మంటమీద కొవ్వును కాచరాదు. మాడును, నిప్పంటుకొను ప్రమాదము కూడ కలదు. మొదట మైనము తురిమి వేయవలెను. అది కరిగిన పిమ్మట గట్టి కొవ్వు, ఆ పిమ్మట కొబ్బరినూనె. అంతయు తేటగా కలసిన వెంటనే దింపవలెను. వేడి కొంత తగ్గి, ఇంకను తేటగానే ఉన్న సమయమున నువ్వులనూనెను సన్నని ధారగా పోయుచు కలుపవలెను. ముందే పోసినచో పరిమళము ఆవిరియగును. ఆలస్యమైనచో మైనము తునకలు కట్టును. తునకలు కట్టినను భయములేదు. మరల వేడినీటిపై క్షణకాలముంచిన కరగును.

ఒక చుక్కను చల్లని చెంచామీద వేసి చూడుడు. ఆరిన పిమ్మట వ్రేలితో రాచిన మెత్తగా పాకవలెను. రాయివలె ఉన్నచో కొంచెము నూనె, జారుచున్నచో కొంచెము మైనము కలిపి సరిచేసికొనవచ్చును.

పిమ్మట గిన్నెను చల్లని నీటి పళ్లెములో నిలిపి, అంచులు తెల్లబడి ముద్దకట్టుట ప్రారంభించినంతనే కవ్వముతో చిలుకవలెను. మజ్జిగ చిలికిన చేయికి ఇది క్రొత్త కాదు. పది పదిహేను నిమిషములకు గాలి చేరి, పొంగి, తెల్లని నురుగువెన్న వలె అగును. కొందరికి మరునాడు చూచునప్పటికి వెన్నలో రవ్వవంటి పలుకులు కనబడును. అది పాడగుట కాదు. కోకో, షియా వంటి కొవ్వులు మెల్లగా చల్లారినపుడు లోపల పెద్ద పెద్ద పలుకులుగా పేరుకొనుటచే అట్లగును. మొత్తమును మరల పూర్తిగా కరిగించి, ఈమారు త్వరగా చల్లార్చినచో నునుపుగా వచ్చును. ఇక మే మాసపు ఎండలో చిలికినదేదియు నురుగుగా నిలువదు. ఆ దినములలో చిలుకుట మాని, కరిగినదానిని అట్లే డబ్బాలో పోసి గట్టిపడనిచ్చుట ఉచితము.

ఈ వ్యాసకర్త ఇంట మొదటిమారు చేసినపుడు, ఒక చుక్క పన్నీరు కలిపినచో మరింత బాగుండునని తోచి రెండు చెంచాలు కలుపుట జరిగినది. ఇంటివారు వలదనినను వినలేదు. వెన్న మిక్కిలి తెల్లగా, తేలికగా వచ్చినది. నాలుగు ఇండ్లకు పంచితిమి కూడ. రెండు వారములు తిరుగకముందే మూత తీసి చూచిన నల్లని బూజు. పంచిన ఇండ్లకు పోయి డబ్బాలను తిరిగి అడిగి తెచ్చుకొనవలసి వచ్చినది. వట్టి కొవ్వులో సూక్ష్మజీవులు పెరుగలేవు. నీరు చేరినంతనే పెరుగును. కర్మాగారములలో నీరు కలిపినపుడు దానికి తగిన నిలువ మందులను కొలిచి వేయుదురు, మనము వేయము. కావున పన్నీరు, పాలు, పెరుగు, కలబంద గుజ్జు, పచ్చి పసుపు రసము ఏదియు ఇందులో కలుపరాదు. డబ్బా, చెంచా, చేయి, అన్నియు పొడిగా ఉండవలెను. తడిచేతితో డబ్బాలో వ్రేళ్లు ముంచుట పనికిరాదు. చల్లని చీకటి చోట ఉంచి, మూడు మాసములలో వాడి ముగింపవలెను. పాతనూనె వాసన వచ్చినచో పారవేయవలెను.

పాదములకు, పసిపిల్లలకు

పగిలిన మడమలను గోరువెచ్చని నీటిలో పది నిమిషములు నానబెట్టి, గరుకురాయితో మెల్లగా రుద్ది, వ్రేళ్ల నడుమ తడిలేకుండ తుడిచి, వెన్న పట్టించి, పాత నూలు మేజోళ్లు తొడిగి పరుండవలెను. పూసికొన్న కాళ్లతో గచ్చుపై నడచినచో జారుట తథ్యము. ముసలివారున్న ఇంట ఇది మరువరాదు. మధుమేహము ఉన్నవారు మడమలను గీకుకొనరాదు, వేడినీటిలో పెట్టరాదు. వారికి పాదమున స్పర్శ తగ్గియుండును, గాయమైనది తెలియదు. రక్తము కారు పగుళ్లకు, చీముపట్టిన వాటికి ఈ వెన్న మందు కాదు. ప్రాథమిక ఆరోగ్య కేంద్రమునకు పోవలెను. మట్టిలో పనిచేయువారు ధనుర్వాతపు టీకా సంగతి కూడ అచ్చటనే అడిగి తెలిసికొనవలెను.

ఎవరైనను మొదట ముంజేతి లోపలివైపున కొంచెము రాచి రెండు దినములు చూడవలెను. దురద, ఎరుపు కనబడినచో వాడరాదు. నువ్వులు పడనివారు కొందరుందురు. పసిపిల్లలకు ఏ వాసనయు లేని వెన్నయే శ్రేయస్కరము. కర్పూరమును ఎంత కొంచెమైనను పసివారికి వాడు వెన్నలో కలుపరాదు. అది చర్మము ద్వారా లోనికి పోవును. శిశువులకు మూర్ఛలు వచ్చుట కద్దు. పెద్దలు అంగడిలో దొరకు గాఢ సుగంధ తైలములను కలుపదలచినచో 200 గ్రాములకు 2 గ్రాములు మించరాదు. నిమ్మతొక్క నూనె పూసికొని ఎండలోనికి పోయినచో చర్మము కమిలి నల్లని మచ్చలు పడును. మన సున్నిపిండిలో వాడు బావంచాలకు కూడ ఈ గుణము కలదు. వాటిని నూనెలో నానవేసి పగలు పూసికొనుట ప్రమాదకరము.

ఈ వెన్న చర్మమును తెల్లబరచునా యని అడుగువారు ప్రతి ఊరిలోను ఉందురు. తెల్లబరచదు. తెల్లబరతుమని చెప్పి అమ్ము లేబిలు లేని క్రీములలో పాదరసము ఉండుట పరీక్షలలో పలుమారులు బయటపడినది. 2023లో కేరళలోని మలప్పురము జిల్లాలో అట్టి క్రీములు వాడినవారికి మూత్రపిండములు చెడిన సంగతి వైద్యులు గుర్తించినారు. రంగుకొరకు మూత్రపిండములను పణము పెట్టుట ఎంతటి అవివేకము!

అమ్ముకొనవచ్చునా?

ఒక గ్రామమున పొదుపు సంఘ సభ్యురాండ్ర సమావేశమున ఈ పద్ధతిని చేసి చూపినపుడు, వెనుక వరుసలోని ఒక వృద్ధురాలు లేచి, "అయ్యా, మా కాళ్ల సంగతి మేము చూసుకుంటాం గాని, దీన్ని సంతలో అమ్ముకోవచ్చా, లేదా? అది చెప్పు" అని అడిగినది. సూటియైన ప్రశ్న. ఇంటి వాడుకకు, ఇరుగుపొరుగునకు ఊరక ఇచ్చుటకు ఏ అనుమతియు అక్కరలేదు. అమ్ముటకై తయారుచేయుట వేరు. 1940వ సంవత్సరపు ఔషధ, సౌందర్య సాధనముల చట్టమును, 2020వ సంవత్సరపు సౌందర్య సాధనముల నియమములను అనుసరించి రాష్ట్ర ఔషధ నియంత్రణ అధికారులవద్ద లైసెన్సు పొందవలెను. డబ్బాపై తయారుచేసినవారి పేరు, చిరునామా, దినుసులు, తూకము, బ్యాచి సంఖ్య, లైసెన్సు సంఖ్య, ఎప్పటిలోగా వాడవలెనో ఆ తేది ఉండవలెను. "పగుళ్లను నయము చేయును" అని వ్రాసినచో అది మందుల వరుసలోనికి పోవును. దానికి వేరు అనుమతి కావలెను.

"అంత కాగితం పని మాకెక్కడ అవుతుందయ్యా?" అని ఆమెయే మరల అన్నది. ఒక్కరికి కష్టమే. ఆ కష్టమును తక్కువచేసి చెప్పుట న్యాయము కాదు. తయారీకి వేరుగా శుభ్రమైన గది, పరీక్షల ఏర్పాటు కూడ కావలెను. సంఘములు కొన్ని కలసి మండల సమాఖ్య ద్వారా ఒకే చోట తయారీ పెట్టుకొనినచో భారము పంచబడును. లైసెన్సు వచ్చువరకు వాసన పట్టించిన నువ్వులు, శుద్ధమైన తేనెమైనము, తేటపరచిన ఇప్పనూనె వంటి ముడిసరుకులను లైసెన్సుగల తయారీదారులకు అమ్ముకొను దారి ఉన్నది. ఆ ఊరి సభ్యురాండ్రు ఆనాడు తమకొరకు చేసికొనుటకే నిశ్చయించుకొనిరి. అమ్మకపు మాట మరుసటి సమావేశమునకు వాయిదా పడినది.

ఇక పనుల వరుస. మల్లెలు విరియునది చైత్ర వైశాఖములందు. వెన్న కావలసినది మార్గశిర పుష్యములందు. కావున మల్లెవాసన కోరువారు నువ్వులకు వాసన పట్టించు పనిని వేసవిలోనే ముగించి, నూనెను మెడవరకు నింపిన సీసాలలో, నల్లగుడ్డ చుట్టి, చీకటి అరలో పెట్టవలెను. అప్పుడు తప్పిపోయినవారికి వానకాలమున సన్నజాజులు కలవు. ఇప్పగింజలు తొలకరికి చేతికి వచ్చును. నూనె ఆ వెంటనే ఆడింపవలెను. వట్టివేరును ఎప్పుడైనను ఎండబెట్టుకొనవచ్చును. కార్తీక పౌర్ణమి నాటికి అన్నియు ఒకచోట చేర్చుకొనినచో, ఒక్క పూట పనితో ఇంటిల్లిపాదికి చలికాలమంతయు సరిపోవు వెన్న సిద్ధమగును.